మా అత్త చదివిన సినిమాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా మేనత్త నా డైరీ చదువుతోందని నేను రెండు నెలలు నమ్మాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. డైరీ నా సూట్‌కేసులో ఉండేది, తాళంచెవి నా మెడలో గొలుసుకు ఉండేది. అయినా నమ్మాను. అమ్మకు చెప్తే నవ్వేది, నవ్వకపోతే తాయెత్తు కట్టించేది. అత్తను అడిగే ధైర్యం ఎట్లాగూ లేదు. ఇప్పుడు అత్త లేదు. నేను ఆ ఇల్లు విడిచి వచ్చిన నలభై రోజులకు పోయింది.

మా ఇల్లు కోరుట్లలో. డిగ్రీ అయ్యాక సిరిసిల్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు పని దొరికింది. మస్కట్‌లో ఉన్న నాన్న ఫోన్‌లోనే తీర్మానం చేసేశాడు. "అక్క ఒక్కతే ఉంటుంది. నువ్వు ఆడుంటే ఇద్దరికి తోడైతది" అన్నాడు. మామ పోయి అప్పటికి నాలుగేళ్లు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. నా సంగతే అంత.

అత్త పాతికేళ్లు సాంచెల కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఒక్క రేకుల షెడ్డులో పదహారు సాంచెలు ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు, పెదాలు కదుపుతారు, ఎదుటివాళ్లు చూసి తెలుసుకుంటారు. ఆ మోతలో ఉండీ ఉండీ అత్తకు చివరికి చెవులు పూర్తిగా పోయాయి. తన గొంతు తనకే వినపడదు కాబట్టి ఒక్కోసారి గొంతు కలపడం మరిచిపోయి ఉత్త పెదాలతోనే మాట్లాడేది. వంటింట్లో వెనక్కి తిరిగితే, ఆమె అప్పటికే నాతో ఏదో చెప్తూ ఉండేది. చప్పుడు లేకుండా. ఎంతసేపటి నుంచి చెప్తోందో తెలిసేది కాదు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం "సినిమకు పోదామా?" అని అడిగింది. నా మొహం చూసి తానే అందుకుంది.

"ఇనవడకుంటే ఏమాయె? కండ్లున్నయి గదా. నా పక్కకు కూసో. ఎవలన్న ఈపు తిప్పుకొని మాట్లాడితే గప్పుడు నువ్వు చెప్పు."

అదే మా ఒప్పందం. ముఖం కనిపిస్తే ఆమె చదువుకుంటుంది. వీపు తిరిగినా, ఫోన్‌లో అవతలి గొంతు వచ్చినా, తెర వెలుతురులో ఆమె వైపు తిరిగి నేను పెదాలతో చెప్పాలి. సిగ్గుపడే మనిషికి అంతకన్నా మంచి సంభాషణ ఏముంటుంది? నాకు అది నచ్చింది.

ఆ చలికాలం కొత్తగా వచ్చిన ప్రతి సినిమా చూశాం. మరునాడు బడి నుంచి రాగానే గడప దగ్గర వెలుతురులో కూర్చొని సినిమా మీద నా అభిప్రాయం డైరీలో అరపేజీ రాసేదాన్ని.

మొదటిది ప్రేమకథ. కెమెరా పనితనం బాగుంది, పాటలు ఎక్కువ. వానలో బస్టాండులో హీరోయిన్ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అత్త నా మోచెయ్యి గిల్లింది.

"ఎందుకేడుస్తున్నవే? గా పోరి అంకెలు లెక్కవెడుతుంది. ఏక్, దో, తీన్... ఇరవై దాక పోయింది."

కార్ఖానాలో ఉర్దూ మాట్లాడేవాళ్లతో పనిచేసిన మనిషి, ఆమెకు ఆ అంకెలు తెలుసు. తెలుగు రాని నటి అంకెలు చెప్పుకుంటూ ఏడిస్తే, మాటలు ఎవరో తర్వాత పెట్టారు. డబ్బింగ్ గదిలో ఆ గొంతుతో ఒంటరిగా ఏడ్చిన మనిషి ఎవరో, ఎట్లా ఉంటుందో అని చాలాసేపు ఆలోచించాను.

తర్వాత ఒక డబ్బింగ్ యుద్ధాల సినిమా. మూడు గంటలు కత్తులే, కథ పిడికెడు. హీరో శపథం చేస్తుంటే హాలంతా చప్పట్లు. "వాడు నోరు మూసినంక మీరు చప్పట్లు కొట్టిండ్రు. ఏమన్నడని?" అంది అత్త. నిజమే, నోరు మూసుకున్నాక కూడా మాట కొనసాగింది. మూసిన నోట్లోంచి గొంతు వస్తుంటే అంతమందిలో ఒక్కరికీ భయం వేయలేదు. అప్పటి నుంచి నాకు మాత్రం వేస్తోంది.

హాస్య సినిమా మాత్రం మా యాసలోనే తీశారు. మొదటి సగం హాయిగా ఉంది, రెండో సగంలో నీతులు మొదలయ్యాయి. తిట్లున్న చోటల్లా సెన్సారువాళ్లు గొంతు తీసేశారు. అట్లా హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైనప్పుడల్లా, ఆ నిశ్శబ్దంలో మా అత్త ఒక్కతే పకపకా నవ్వేది. ముందు సీటామె వెనక్కి తిరిగింది.

"ఏమన్నడు పెద్దమ్మా?"

"చెప్పరాదు తల్లీ, నీ మొగడు పక్కకే ఉన్నడు."

దయ్యాల సినిమాకు నేను సగం చున్నీలోంచి చూశాను. అత్త మక్క పేలాలు తింటూ చూసింది. బయటికి వచ్చాక ఒకే మాట అంది. "చప్పుడు లేకపోతే దయ్యమేంది? ఎంటికలు ఇరవోసుకున్న ఆడివిల్ల. పాపం, ఎవలన్న జడెయ్యరాదు?" ఆ సినిమా గురించి నేను రాసిన అరపేజీ కన్నా ఆ మాటే బాగుంది. అదీ డైరీలో రాసుకున్నాను.

అనుమానం ఆ వారమే మొదలైంది. ప్రేమకథ గురించి ఆలస్యంగా మరో నాలుగు వాక్యాలు రాశాను. చివర్లో హీరో ఎక్కిన బస్సు దిగిపోతే కథ అక్కడే తేలిపోయేదని, దర్శకుడు దిగనివ్వలేదని. మరునాడు పొద్దున చాయ్ ఇస్తూ అత్త అంది, "బస్సు దిగితే అయిపోవు గదా ఆ పోరడు. కాళ్లు లెవ్వా?" ఇద్దరం కలిసి చూసిన సినిమానే కదా అని ఊరుకున్నాను.

ఇంతలో జగిత్యాల నుంచి కబురు వచ్చింది. నేను చదివిన కాలేజీ దగ్గరే ఒక గ్రంథాలయంలో మనిషి కావాలట. పుస్తకాల మధ్య పని. చిన్నప్పటి నుంచి నేను కోరుకున్నది అదొక్కటే. కానీ పోతే అత్త ఒంటరి. వీపు తిప్పినవాళ్ల మాటలు ఆమెకు చెప్పేవాళ్లు ఉండరు. సర్టిఫికెట్ తెచ్చుకోవాలని అబద్ధం చెప్పి జగిత్యాల పోయాను. మాటలు అయ్యాయి, ఒకటో తారీఖున చేరమన్నారు. ఆ సంతోషంలో పాత స్నేహితురాలితో ఒక హత్య సినిమా చూసి వచ్చాను. మరునాడు అన్నీ రాశాను. పని దొరికిందని, అత్తకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదని, సినిమాలో మూడు రోజులు బావిలో ఉన్న శవానికి కాళ్లకు చెప్పులు అట్లాగే ఉన్నాయని, అదేం దర్శకత్వమని.

తెల్లారి పొద్దున అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"మూడు దినాలు బాయిల ఉన్న పీనుగుకు చెప్పులుంటయానే?"

ఆ సినిమా ఆమె చూడలేదు. నేను చూసినట్టు ఆమెకు తెలియదు. ఆమె మళ్లీ అడగలేదు, పని సంగతి అసలే ఎత్తలేదు.

ఆ రోజు డైరీ పేజీల మధ్య నా తలవెంట్రుక ఒకటి పెట్టి తాళం వేశాను. సాయంత్రం చూస్తే వెంట్రుక పెట్టినచోటే ఉంది. ఇంగ్లీషులో రాసి చూశాను. మరునాడు అత్త ఏమీ అనలేదు. అది నయమనిపించలేదు, ఇంకా భయం వేసింది. తెలుగు మాత్రమే తెలిసిన ఏదో ఒకటి ఆ ఇంట్లో నా పుస్తకం తెరవకుండానే చదువుతోంది.

చివరికి ఎవరూ తీయని సినిమా ఒకటి రాశాను. కొత్త సినిమా చూశానని అబద్ధంతో మొదలుపెట్టాను. ఒక ఇంట్లో ఒక ముసలామె, ఆమె దగ్గర ఒక పిల్ల. పిల్ల మనసులోది ముసలామెకు తెలిసిపోతుంటుంది. పిల్ల వెళ్లిపోవాలనుకుంటుంది. చివరి సీనులో ముసలామె బయటి నుంచి తలుపు వేసి తాళం పెడుతుంది. నటన బాగుంది, ముగింపు భయంకరంగా ఉంది అని అభిప్రాయం కూడా రాశాను.

మరునాడు పొద్దున అత్త నా తలకు నూనె రాస్తోంది. వెనకనుంచి గొంతు వచ్చింది, మామూలుగా, ఒకే ఎత్తులో.

"గా ముసల్ది తలుపెందుకు ఏసిందే? గట్లెవలేస్తరు? ఉత్త సినిమ."

ఆమె వేళ్లు నా తలమీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం కరెంటు లేదు. ఎప్పటిలాగే గడప దగ్గర కూర్చున్నాను. అత్త ఎదురుగా, ఒళ్లో చాట పెట్టుకొని, కార్ఖానా మానేసినప్పటి నుంచి రోజూ చేసినట్టే, బీడీలు చుడుతోంది. ఆమె చేతులకు కళ్లతో పని లేదు, ఆకు తిరుగుతూనే ఉంటుంది. ఆమె వెనక గోడకు టీవీ. నల్లటి అద్దంలో వాకిలి, గడప, నేను కనిపిస్తున్నాం. ఒక వాక్యం రాసి తల ఎత్తాను. ఇంకో వాక్యం రాస్తూ ఓరగా ఆ అద్దంలోకి చూశాను.

అందులో ఉన్న పిల్ల మాట్లాడుతోంది.

పెదాలు ఒక్కో మాటకూ స్పష్టంగా, నిదానంగా, డిక్టేషన్ చెప్తున్నట్టు కదులుతున్నాయి. చప్పుడు లేదు. అది నేనే.

కోరుట్లలో చిన్నప్పుడు నేను పైకి చదివేదాన్ని. వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు నా చదువుతో కట్టల లెక్క తప్పేది. "నోట్లె చదువుకోవే!" అని అమ్మ మొట్టికాయ వేసేది. గొంతు ఆపేశాను. పెదాలు ఆగలేదని నాకెవరూ చెప్పలేదు, ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

ఇక్కడ చూసే మనిషి ఉంది. రోజూ ఐదు గంటలకు, ఎదురుగా. బస్సు, చెప్పులు, జగిత్యాల పని, తాళం వేసిన ముసలామె, అన్నీ నేనే ఆమెకు చెప్పాను.

పెదాలు పళ్లతో బిగబట్టాను. అత్త చేతిలో బీడీ ఆగింది. నన్ను చూసింది, వెనక్కి తిరిగి టీవీని చూసింది. తర్వాత తల వంచుకొని, కొత్తగా పని నేర్చుకున్న మనిషిలా చేతులనే చూసుకుంటూ చుట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను డైరీ తీసినప్పుడల్లా ఆమె చాట వైపే చూసేది.

ఒకటో తారీఖుకు ఇంక నాలుగు రోజులు ఉన్నాయి. ఆమె ఎదుట కూర్చొని, ముఖం ఎత్తి, గొంతుతో చెప్పాను. "అత్తా, నాకు జగిత్యాలల పని దొరికింది."

"అవ్వో! ఎప్పుడే?" అంది. నా వాక్యం పూర్తికాకముందే ఆశ్చర్యం ఆమె మొహంలోకి వచ్చేసింది, సరిగా కుదరని డబ్బింగ్‌లా. ఆ చలికాలం నేను చూసిన నటనల్లో అదే అన్నిటికన్నా అధ్వానం. నేను వీపు తిప్పుకొని ఏడ్చాను, కనపడకుండా.

అత్త తలుపు వేయలేదు. నేను పోయే నాడు తెల్లారి లేచి మామిడి తొక్కు డబ్బాలో పెట్టి, నా సూట్‌కేసు తానే మోసుకొచ్చింది. వేములవాడ మీదుగా పోయే జగిత్యాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అద్దం జామ్ అయి తెరుచుకోలేదు. ఇంజిన్ మొదలైంది, బస్టాండంతా ఒకటే హారన్లు. కింద అత్త నా అద్దం ఎదురుగా నిలబడి నన్ను చూస్తోంది. గొంతు పెట్టిందో మరిచిందో తెలియదు. ఆమె పెదాలు నిదానంగా, ఒక్కో మాట విడివిడిగా కదిలాయి. ఒక్క అక్షరం పోకుండా చదువుకున్నాను.

"గోడ దిక్కు మొకం పెట్టి రాసుకో బిడ్డా. అందరు నా లెక్క ఉండరు."