అక్క రోగానికి అబ్బిన చదువు

మొన్న షుగర్ పరీక్షకని ఇంగ్లండులో మేముండే హౌన్స్‌లోలో జీపీ, అదే మా పేట డాక్టరు, దగ్గరికి వెళ్తే, మనవరాలి వయసున్న డాక్టరమ్మ మేజోళ్లు విప్పమంది. అరికాలిలో నల్లమచ్చ కనపడగానే వంగి చూసి, ఫోటో తీసి, అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి పంపింది. రెండు వారాలు తిరక్కుండానే అక్కడివాళ్లు చూసి, ఉత్త పుట్టుమచ్చ, ఇంటికి పొమ్మన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటే, నేను మాత్రం బస్సులో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. మా అక్క అరికాలిని అలా వంగి చూసినవాడు ఆ రోజుల్లో ఒక్కడుంటే, నాకివాళ ఇది రాసే పని తప్పేది.

అక్క కాపురమూ ఇక్కడే, ఇల్ఫర్డ్‌లో. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి, బావ పుణ్యమా అని ఈ దేశం వచ్చి, కొన్నాళ్లు హేస్ గోడౌన్లలో పెట్టెలు మోసి, చివరికి క్యాన్సర్ పరిశోధన చేసే ఒక భవనంలో గాజుసామాను కడిగే ఉద్యోగంలో కుదురుకున్నాను. మా ఊళ్లో నన్ను సైంటిస్టు అనుకునేవారు. ఆ ముచ్చట నేనెందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను.

ఇంగ్లండు చలిలోనూ ఇంట్లో ఒట్టి కాళ్లతో తిరిగే మనిషి కదా, అరికాల్లో నల్లగా లేచిన దాన్ని అక్క ఆనె అనుకుని ఆముదం రాసి గుడ్డ కట్టింది. జీపీ చూసి చెప్పులు మార్చమన్నాడు, మళ్లీ వెళ్తే పులిపిరి మందు ఇచ్చాడు. గజ్జల్లో బిళ్ల కట్టాక గాని అది మెలనోమా, అంటే చర్మపు క్యాన్సర్, అని తేలలేదు. అది ఎండకు మాడే తెల్లతోలు వాళ్ల జబ్బని మేమంతా అనుకునేవాళ్లం. మనబోటి వాళ్లకు వస్తే ఎండ సోకని అరికాల్లోనే ఎక్కువట. మాకు తెలియకపోవడంలో వింత లేదు, చదువుకున్న ఆయనకూ తెలియకపోవడమే వింత.

ఆపరేషన్‌కు ముందు, కోసిన దాంట్లో ఒక ముక్క పరిశోధనకు ఉంచుకోవచ్చా అని డాక్టర్లు అడిగారు. అక్క మంచం మీంచే, “ఉంచుకోమను, ఇంటికి తీసుకెళ్లి కూరొండుకుంటానా!” అంది. ఇక్కడే పుట్టి పెరిగిన మేనకోడలు ముఖంలో ఏ భావమూ లేకుండా డాక్టరు వైపు తిరిగి “షి సేస్ యెస్” అంది. ఆ గదిలో మేం నవ్విన ఆఖరి నవ్వు అది.

మా భవనంలో చేసేది కూడా అదే పని. రోగుల గడ్డల్లోని కణాలను సీసాల్లో బతికించి, పెంచి, వాటిలో కొత్త జన్యువులు చొప్పించి మిణుగురుల్లా వెలిగేట్టు చేసి, మన రక్తంలో కాపలా కాసే కణాలను వాటి మీదికి వదిలేవారు. కాపలావాళ్లు గెలిస్తే వెలుగు ఆరిపోయేది, అప్పుడందరూ చప్పట్లు కొట్టేవారు. కాపలాకు దొరక్కుండా దాక్కునే కణాలనూ కావాలనే తయారుచేసేవారు, దొంగ గుట్టు తెలియాలంటే దొంగను సాకాలి కదా. సీసాల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. అక్క ముక్క అక్కడికే వచ్చిందో, ఇంకెక్కడికైనా పోయిందో నాకు తెలిసే దారి లేదు. అయినా ప్రతి ఆదివారం అక్క అడిగేది.

“ఏరా, నా ముక్క ఎట్టా ఉంది?”

“దానికేమే, పెట్టింది పెట్టినట్టు తింటంది. నీలాగా వంకలు పెట్టదు. వెలగడం, దాక్కోవడం అన్నీ నేర్పుతున్నారు.”

“చూశావంట్రా, నా రోగానికి కూడా చదువు అబ్బింది, నీకే అబ్బలా!”

ఆ కాపలా కణాలను ఉసిగొల్పే కొత్త మందును అప్పుడప్పుడే రోగుల మీద పరీక్షిస్తున్నారు. అది అక్కకు దొరుకుతుందా లేదా అన్నది తప్ప మా ఇంట్లో వేరే మాట లేదు. తనంతట తాను నడవగలిగిన వాళ్లనే తీసుకుంటారని ఎవరో చెబితే, అక్క గోడ పట్టుకుని రోజూ నడక సాధన చేసింది. పిలిచిన రోజున పట్టుచీర కట్టి, చక్రాల కుర్చీ వద్దని, కారు దగ్గర్నుంచి డాక్టరు గది దాకా పెళ్లికొచ్చిన పెద్దముత్తైదువలా నడిచింది. రక్తం మాత్రం నటించలేకపోయింది. కాలేయం దెబ్బతింది, మందు తట్టుకోలేదని తిప్పి పంపారు.

ఆ క్రిస్మస్ వారంలో అక్కకు నొప్పి ఎక్కువైంది. జీపీ క్లినిక్కు మూసేశారు, ఫోన్ చేస్తే మీ కాల్ మాకెంతో ముఖ్యమని టేపు మోగుతోంది. పండగ రోజు మా భవనంలో ఫ్రీజర్లు చూసే వంతు నాకు పడితే, బస్సులుండవు కనుక బావ నన్ను కారులో దింపాడు. లోపల వరంగల్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని వానలో సైకిలు తొక్కి వచ్చి, తడి జుట్టుతోనే సీసాల ముందు కూర్చుని ఉంది.

“పండగ పూట కూడా ఏంటమ్మా?” అన్నాను.

“ఇయ్యాల నా రోటా అంకుల్. వీటికి ఫుడ్ మార్చకుంటే సచ్చిపోతయ్.”

ఆ పిల్లను ఏమనగలను? నా ఫ్లాస్కులో టీ పోసిచ్చాను. రోగానికి ఆదివారం, పండగ లేకుండా ఒంట్లో ఉన్నంత వెచ్చదనం, వేళకు తిండి, గోడ మీద వంతుల పట్టీ, రోటా. రోగికి మాత్రం డాక్టరు దర్శనం కోసం పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ లైన్లో క్యూ. మా అక్క పేరు ఎవరి రోటాలోనూ లేదు.

చలి తగ్గకముందే అక్క పోయింది. సంవత్సరీకం రోజున, పంతులుగారు వెళ్లిపోయాక, బావ తుండుగుడ్డ భుజాన వేసుకుని నా పక్కన కూర్చున్నాడు.

“బామ్మర్దీ, అది బూడిదైపోయింది. దాన్ని తిన్నది ఇంకా అక్కడ తింటానే ఉంది కదంటయ్యా?”



ఇప్పుడా మందు మామూలైపోయింది. మన ఈడు వాళ్లు ఉదయం డ్రిప్పు ఎక్కించుకుని సాయంత్రం సినిమాకు వెళ్తున్నారు. ఆ మధ్య ఇల్ఫర్డ్ కూరగాయల కొట్లో అక్క జబ్బే ఉన్న ఒకావిడ కలిసింది. బెండకాయల కొనలు విరిచి చూస్తూ, “మందు పనిచేస్తోందండీ, కానీ ఒకటే దురద, రాత్రిళ్లు నిద్రుండదు” అని వాపోయింది. గోక్కో తల్లీ, గోక్కోవడానికి నీకు ఒళ్లు మిగిలింది, అనబోయి మింగేశాను. అక్క ఇచ్చిన ముక్కకు ఆవిడ బతుకులో రవ్వంత పాలుందేమో, ఎవరూ చెప్పలేరు. ఉందని అనుకోవడానికి మనసు ఒప్పదు, లేదనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆవిడ సంచీ మోసుకెళ్లి బస్సెక్కించాను. కిటికీలోంచి ఆవిడ చెయ్యూపుతుంటే, ఆ సీట్లో కూర్చోవలసింది ఇంకొకరని నా పాపిష్టి బుద్ధికి తోచింది.