అందరికీ కనిపించిన అడ్రసు

ఆ స్కూలు పిల్లలందరికీ ఆయన వ్యాన్ బాబాయ్. పెద్దవాళ్ళూ అలాగే పిలిచేవారు. పిల్లలు రాని రోజు తల్లిదండ్రులు కబురు పంపడానికి కూతురు ఆయనకొక మెయిల్ అడ్రసు చేసిపెట్టింది. అందులోనూ ఆ పేరే.

ఒకప్పుడు ఆయన తాగేవాడు. లారీ తోలే రోజుల్లో అంటుకున్న ఆ అలవాటు ఇంటిని గుల్ల చేసింది. భార్య పుట్టింటికి వెళ్ళిపోయాక కళ్ళు తెరిచి, తాగుడు మాన్పించే కేంద్రంలో చేరాడు. మానేశాడు. భార్య తిరిగొచ్చింది. వ్యాన్ ఉద్యోగం ఆ తర్వాతే దొరికింది. అయినా ఆదివారాలు కేంద్రంలో సమావేశానికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాడు. "నిప్పు ఆరిందని బూడిదలో చెయ్యి పెడతామా?" అనేవాడు.

ఒకరోజు కేంద్రం నుంచి మెయిల్ వచ్చింది. తాగుడు మానిన మిత్రులకు సమావేశం వేళ మారిందని, అంతే. కానీ పైన, అది అందిన వాళ్ళందరి అడ్రసులూ బారులు తీరి ఉన్నాయి. తనది కనిపించింది. ఇంకొకటీ తెలిసిందే, పిల్ల రాని రోజు కబురొచ్చే అడ్రసు. అది వ్యాన్ ముందు సీట్లో కూర్చునే పాప తండ్రిది. ఆయన స్కూలు కమిటీ సభ్యుడు. వేరే పూట వచ్చేవాడు కాబోలు, అక్కడెప్పుడూ ఎదురుపడలేదు.

వ్యాన్ బాబాయ్ ఎవరితోనూ అనలేదు. పాప తండ్రికి మాత్రం భయం పట్టుకున్నట్టుంది. ఆ వారంలోనే హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. ఆమె పక్క కుర్చీలో పాప తండ్రే కూర్చున్నాడు.

"మీరు తాగుడు కేంద్రానికి వెళ్తున్నారట?"

"మానేశాను కాబట్టే వెళ్తున్నానమ్మా."

"పసిపిల్లల ప్రాణాలండీ. మనం తెగించలేం," అన్నాడు పాప తండ్రి, బల్లకేసి చూస్తూ.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలోంచి వ్యాన్ కనిపిస్తోంది. పాప అప్పుడే ఎక్కి కూర్చుంది. వ్యాన్ బాబాయ్ తాళాలు బల్లమీద పెట్టి వచ్చేశాడు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావా? ఆయన సంగతి నువ్వూ చెప్పొచ్చుగా!" అని భార్య మండిపడింది.

"చెప్తే నా ఉద్యోగం తిరిగొస్తుందా? తాగుబోతు కూతురని మన పిల్లని బళ్ళో ఎన్నేసి మాటలన్నారో మర్చిపోయావా?"

మర్నాడు కేంద్రానికి వెళ్ళి కంప్యూటర్ దగ్గరుండే అమ్మాయిని నిలదీశాడు. ఆ పిల్ల తను పంపిన మెయిల్ మళ్ళీ తెరిచి చూసింది.

"ఒకళ్ళ అడ్రసు ఇంకొకళ్ళకి కనపడకుండా పంపడానికి వేరే గడి ఉంటుంది బాబాయ్. తొందరలో మామూలు గడిలో వేసేశాను. సారీ."

"నీ సారీ పట్టుకెళ్ళి ఏ స్కూల్లో చూపించమంటావమ్మా?"

ఆ సాయంత్రం కేంద్రం అందరికీ క్షమాపణ మెయిల్ పంపింది. పైన మళ్ళీ అందరి అడ్రసులూ ఉన్నాయి.

ఇప్పుడాయన ఒక గోడౌన్‌లో సరుకు బండి తోలుతున్నాడు. తాగడం లేదు. కేంద్రం గడపా తొక్కడం లేదు. పాప తండ్రి ఇంకా కమిటీలోనే ఉన్నాడు. ఆదివారం వస్తే మాత్రం భార్య ఈయన్ని ఒంటరిగా వీధిలోకి పంపదు. కూరగాయలకైనా వెంటే వెళ్తుంది.