వెనక వరుస సీసాలు

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మా ఇంట్లో పాత సీసాలు కడగడం మొదలయ్యేది. కంటోన్మెంటు మెస్సులో ఏళ్ల తరబడి వంట చేసి వచ్చిన మా తాతయ్య అల్లం బీరు చేయడంలో దిట్ట. పేరుకే బీరు, పిల్లలమూ తాగేవాళ్లం. దంచిన అల్లం, నిమ్మరసం, చక్కెర నీళ్లలో రెజిమెంటల్ బజార్ బేకరీ నుంచి తెచ్చిన ఈస్టు కలిపి, ఒక రోజు పులియనిచ్చి, వడగట్టి సీసాల్లో పోసేవాడు. మూత బిగించే ముందు సీసాకు చిన్న చెంచాడు చక్కెర. ఒక్కటంటే ఒక్కటే. ఈస్టు దాన్ని తిని గాలి వదులుతుందనీ, నాలుక మీద చురుక్కుమనేది ఆ గాలేననీ చెప్పేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు చక్కెర వేసే పని నాకిచ్చాడు. ఆయన చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఒక్కో చెంచాడే వేశాను. మూతలు తేవడానికి ఆయన లోపలికి వెళ్లగానే, వెనక వరుస ఆరు సీసాల్లో మూడేసి చెంచాలు గుమ్మరించాను. తియ్యగా కుదిరితే అందరూ నన్నే మెచ్చుకుంటారని ఆశ. నా తిండి యావ కూడా అనుకోండి.

మూడో రోజు మధ్యాహ్నం అన్నాలు తింటుంటే సామాన్ల గదిలో ఢామ్మని పేలింది. గాజు పెంకులు తలుపుకు తగిలి గలగలా రాలాయి. "సీసా ఖరాబుదున్నట్టుంది" అంటూ తాతయ్య తేలిగ్గా లేచి, చీపురు పట్టుకుని, ఒట్టి కాళ్లతో గది వైపు నడిచాడు. లోపల అలాంటివి ఇంకా ఐదున్నాయని నాకొక్కదానికే తెలుసు. చెబితే వీపు విమానం మోతే. చెప్పకపోతే తాతయ్య కళ్లు పోతాయేమో. ఆయన గడియ మీద చెయ్యి వేశాక పరిగెత్తి పంచె పట్టుకున్నాను.

"తాతా, పోకు. వెనక వరుసల మూడేసి చెంచాలు ఏసిన."

దెబ్బ కోసం కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"ముందు వరుసల సుత ఏసినవా?"

"లేదు. వెనక ఆరే."

"జెర మంచిగ యాజ్జేసుకో బిడ్డా. ఆరేనా?"

"ఆరే."

చీపురు పక్కన పడేసి మెస్సు నాటి బూట్లు తొడిగాడు. అంత ఎండలోనూ మిలిటరీ కోటు వేసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, నీళ్లలో ముంచిన బొంతతో లోపలికి వెళ్లాడు. వెనక వరుస మీద బొంత కప్పి, దాని కింది నుంచి ఒక్కో మూతా తీస్తున్నాడు. నేను బయట నిలబడి వేళ్లు మడుస్తున్నాను. సుయ్‌మంది, ఒకటి. మళ్లీ సుయ్‌మంది, రెండు. మూడోది బొంత కిందే ఢబ్బుమంది. నాలుగోది సుయ్‌మంది. ఐదోది ఎంతకీ వినిపించదు. నానమ్మ పిలిచినా ఆయన పలకలేదు. ఇన్నేళ్లలో అంత భయం నేను మళ్లీ పడలేదు. చివరికి సుయ్‌మంది. మూత మొండికేసిందట.

తాతయ్య బయటికి వచ్చి తువ్వాలు విప్పాడు. ఒళ్లంతా చెమట, మణికట్టు మీద చిన్న గాటు. అది చూసి బావురుమన్నాను.

"నువ్వు చెప్పకుంటే చీపురు వట్టుకొని ఆటి మీదికే ఒంగుతుంటి" అని నా తల నిమిరి, "తిట్లు రేపు తిడత" అన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. మర్నాడు తిట్టిన తిట్లు వాడకట్టంతా విన్నది.

ఇప్పుడు నా మనవలు ఏదో చేసి వచ్చి, చెప్పాలా వద్దా అని నా గుమ్మంలో నిలబడతారు. ఎందుకు చేశావని కసరబోతాను. అంతలో గడియ మీద తాతయ్య చెయ్యి గుర్తొస్తుంది. ఏం జరిగింది, ఇంకా ఏం మిగిలి ఉంది అని మాత్రం అడుగుతాను. తిట్లకేం, రేపుంది.