పెద్ద కాగు తెచ్చిన పొద్దు

మా చిన్నప్పుడు పాకాల స్టేషను పక్కన రైలోళ్ళ ఇళ్ళలో వేన్నీళ్ళకని ఎవరూ పొయ్యి వెలిగించేవాళ్ళు కాదు... అమ్మ బిందె పట్టుకుని పట్టాల దగ్గరికి పోయేది. వెనకాలే నేను.

యుద్ధం రోజులవి. బొగ్గు దొరక్క ఇంజన్లకే కట్టెలు వేసేవాళ్ళు. ఇక ఇళ్ళకు కట్టెలెక్కడివి?

మా నాయన ఫైర్‌మేను. ఆయన పనిచేసే ఇంజను పొట్టిది, చాలా పాతది. నీళ్ళకూ కట్టెలకూ వెనక వేరే పెట్టె ఉండేది కాదు, నీళ్ళ తొట్లు దాని రెండు పక్కలా ఒంటికి అంటుకునే ఉండేవి. ఒకప్పుడు జనం ఎక్కే బండి లాగిందట. నాకు తెలిసేటప్పటికి గూడ్సు పెట్టెలను అటూ ఇటూ నెట్టడమే దాని బతుకు...

అమ్మను చూస్తే నాయన దిగివచ్చి, బాయిలరు కొళాయి తిప్పి బిందె నింపేవాడు. పొగలు కక్కే నీళ్ళు.

"ఏమప్పా, ఇంజన్ను మీ ఇంటి పొయ్యి చేసినావే!" అని డ్రైవరు నవ్వేవాడు.

ఆ ఏడు వానల్లో మా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. ఏడాది నిండని బిడ్డ. ఒళ్ళు తుడవడానికి అమ్మ రోజూ చిన్న బిందె తెచ్చేది.

"ఎట్లుండాడే?" నాయన పైనుంచే అడిగేవాడు.

"రెండు గుక్కలు తాగినాడు."

అంతే... మళ్ళీ కట్టెలు విసరడం. సెలవడిగితే పైవాళ్ళు ఇవ్వలేదు.

ఒక పొద్దున అమ్మ అటక మీది పెద్ద రాగి కాగు దించింది. తాత పోయినప్పుడు ఆయనకు నీళ్ళు పోయడానికి దించిన కాగు అది...

ఇంజను పెట్టెలను నెట్టుకుంటూ వచ్చింది. నాయన కాగును చూశాడు. ఎట్లుండాడని అడగలేదు. డ్రైవరూ చూశాడు, ఎవరూ చెప్పకుండానే బండి ఆపేశాడు.

నాయన దిగి కాగు నింపాడు. నీళ్ళలో వేలు ముంచి చూసి, "సన్నీళ్ళు కలుపుకోవే... బిడ్డకు కాలతాది" అన్నాడు.

అంతదాకా నిలబడిన అమ్మ అప్పుడు కూలబడింది.

తర్వాత ఆ ఇంజన్ను ఎక్కడికో లాక్కుపోయి, ముక్కలు చేసి పాత ఇనుముకు ఇచ్చేశారట.

పోయిన నెల నా పెద్దకొడుకు తిరుపతి ఆస్పత్రిలో పోయాడు... ఇంటికి తెచ్చాక గీజరు వేసి బకెట్లు నింపారు. నేను చెయ్యి పెట్టి చూశాను.

"సన్నీళ్ళు కలపండి, బిడ్డకు కాలతాది" అన్నాను.

"అత్తా..." అని కోడలు నన్ను పట్టుకుంది. నీళ్ళు మాత్రం కలిపారు.

ఇప్పుడు మీట నొక్కితే వేన్నీళ్ళు. కట్టెలు అక్కర్లేదు, కాగు అక్కర్లేదు...

ఆ పొట్టి ఇంజన్ల నీళ్ళు పోసుకుని పెరిగిన బిడ్డలు మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే చెప్పండి... బతికున్నవాళ్ళ పేర్లు వినాలని ఉంది.