బాపు కట్టులో మా ఇంటి వాసన

బాపు కాలికి కట్టిన కట్టును నేను రోజూ వాసన చూసేదాన్ని. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు పాత కట్టు విప్పి ట్రేలో పెట్టి, కొత్త గాజ్ కోసం వెళ్లినప్పుడు, అటూ ఇటూ చూసి ముఖం దగ్గరికి వంచేదాన్ని. ఎందుకలా చేశానో చెప్పాలంటే మొదటి రోజు నుంచి రాయాలి.

మాది బోధన్ దగ్గర పల్లె. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. చెరకు నరికే పని తగ్గాక బాపు, ఆయన తమ్ముడైన మా కాక కలిసి పెట్రోలు రంపం మిషన్‌తో చెట్లు కోసే పనిలోకి దిగారు. అవ్వ బీడీలు చుడుతుంది. నేను నిజామాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను.

గాలివానకు మా ఇంటి వెనక తుమ్మచెట్టు పడిపోతే బాపు దాన్ని ముక్కలు చేస్తున్నాడు. మిషన్ కొస కింది కొమ్మకు తగిలి ఒక్కసారిగా ఎదురుతన్నింది. బాపు లుంగీ పైకి ఎగగట్టి ఉన్నాడు. మోకాలికి పైన, తొడలోకి చైన్ లోతుగా దిగింది. నాకు కాక ఫోన్ చేశాడు. "ఏం లేదు బిడ్డా, జర గీసుకపోయింది. కుట్లు ఏసిండ్రు" అన్నాడు. జర గీసుకుపోతే కుట్లు ఎందుకు వేస్తారు? నాకు అప్పుడే నమ్మబుద్ధి కాలేదు.

బోధన్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో గాయం కడిగి, కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపారట. కొన్ని రోజులు బాగానే ఉంది. తర్వాత చలిజ్వరం పట్టుకుంది. కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి, చీము కారడం మొదలైంది. నిజామాబాద్ తీసుకొచ్చి ఒక సర్జన్ దగ్గర అడ్మిట్ చేశాం.

షుగర్ టెస్ట్ చేశారు, నార్మల్. డాప్లర్ చేశారు, రక్తం కాలికి బాగానే అందుతోంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. పస్ కల్చర్‌కు పంపి యాంటీబయాటిక్స్ మార్చారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్, దెబ్బ తగిలినప్పుడు గాయంలో ఏమైనా వేశారా అని అడిగారు. ప్రశ్న పూర్తి కాకముందే కాక జవాబు చెప్పాడు. "ఏం ఎయ్యలే సార్. సాఫ్ తువ్వాల కట్టి తోల్కొచ్చినం."

అవ్వ తన గోళ్లకేసి చూసుకుంది. బాపు కళ్లు మూసుకున్నాడు. నేను ముగ్గురినీ చూశాను. ఆ రోజు నుంచి నాకు ఎవరి మీదా నమ్మకం లేకపోయింది. మొదటి ఆసుపత్రిలో సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను. ఇస్తున్న మందులు సరైనవేనా అనుకున్నాను. చివరికి, అసలు మిషన్ బాపు చేతిలోనే ఉందా, కాక చేతిలో ఉందా అని కూడా అనుమానించాను.

వరండాలో డాక్టర్ నాతో మెల్లగా అన్నారు. "ఇన్ఫెక్షన్ కండలోకి పోతోందమ్మా. ఆంప్యుటేషన్, అంటే కాలు తీసెయ్యాలన్న మాట నేను ఇప్పుడే అనను. కానీ కారణం దొరక్కపోతే ఆ మాట అనాల్సి వస్తుంది."

కట్టులో చీము వాసనతో పాటు ఇంకో వాసన ఉండేది. తంబాకు వాసన, బీడీల్లో నింపే పొగాకుది. మా ఇంట్లో దుప్పట్లు, అన్నం గిన్నెలు, నా పుస్తకాలు కూడా అదే వాసన వేస్తాయి. అందుకే నా ముక్కును నేనే నమ్మలేదు. అవ్వ చేతుల నుంచి అంటిందేమో అనుకున్నాను. ఒకరోజు అవ్వ బీడీలు అప్పజెప్పడానికి ఊరికి వెళ్లింది. నేనొక్కదాన్నే బాపు దగ్గర ఉన్నాను. కొత్తగా కట్టిన కట్టు మర్నాడు విప్పితే మళ్లీ అదే వాసన.

మా వైపు బీడీ ఆకు కత్తిరిస్తూ వేలు తెగితే, చాటలోని తంబాకు పొడి చిటికెడు తీసి అద్దుతారు. భగ్గున మండి రక్తం ఆగుతుంది. చిన్నప్పటి నుంచి నేనూ అద్దుకున్నదాన్నే.

అవ్వకు ఫోన్ చేసి సూటిగా అడిగాను. చాట పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పింది. "మీ కాక నా చాటలకెళ్లి పిడికెడు తీసి పుండుల కుక్కిండు బిడ్డా. రక్తం గట్ల పోతుంటె ఏం జేస్తం? డాక్టర్‌కు ఎరుకైతె కేసు అయితదన్నడు. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

అడ్మిట్ చేసేటప్పుడు ఎవరో ఎమ్ఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు అన్నారు. ఆ మాటకు కాక పోలీసులు వస్తారని భయపడ్డాడని నాకు అప్పుడు అర్థమైంది.

కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. క్లాసులో హాజరు పలకడానికే ఇబ్బంది పడతాను. మర్నాడు డాక్టర్ వచ్చినప్పుడు కాక మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. "సార్, గాయంల తంబాకు పెట్టిండ్రు" అన్నాను. ఎంత అని అడిగారు. పిడికెడు అన్నాను. బాపు కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

డాక్టర్ ఎవరినీ తిట్టలేదు. "ఎక్స్‌రేలో తంబాకు కనపడదమ్మా. ఈరోజే ఓపెన్ చేసి చూస్తాం" అన్నారు.

డిబ్రైడ్‌మెంట్ అనే, గాయాన్ని లోపలిదాకా శుభ్రం చేసే ఆపరేషన్‌లో కండ పొరల మధ్య నుంచి నల్లటి ముద్ద, తుమ్మచెట్టు రంపపు పొట్టు తీశారు. చచ్చిపోయిన కండ ఇంకా మిగిలిందని రెండోసారి కూడా థియేటర్‌కు తీసుకెళ్లారు. జ్వరం పోయింది కానీ గాయం గుంటలా మిగిలింది. స్కిన్ గ్రాఫ్ట్ వేస్తే ఒక పక్క అంటుకోలేదు. మళ్లీ వేశారు. ఆ వారాల్లో బాపు నాతో పెద్దగా మాట్లాడలేదు. కోపమో, నొప్పో తెలియలేదు, నేను అడగలేదు.

కాలు నిలిచింది. బాపు ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. మిషన్ అమ్మేసి అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నాడు. తనకన్నా సన్నగా చుడుతున్నాడని, ఇన్నేళ్లు ఈ మొగోడు ఉత్తగనే చెట్లు కోసిండని అవ్వ వాడకట్టంతా చెప్పుకుంటోంది.

మీ ఇంట్లో రంపం మిషన్ పని చేసేవాళ్లుంటే, మిషన్ సంచిలోనే స్టెరైల్ గాజ్, వెడల్పాటి బ్యాండేజీ పెట్టించండి. గాయం మీద గాజ్ పెట్టి రెండు అరచేతులతో, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. ఆగిందేమోనని తీసి చూడకూడదు. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తంబాకు, పసుపు, కాఫీ పొడి ఏదీ వేయొద్దు. తెలియక వేసి ఉంటే, మొదట చూసే డాక్టర్‌కే చెప్పేయండి.

నేను డాక్టర్‌కు చెప్పిన రోజు నుంచి కాక మా ఇంటికి రాలేదు. బాపు కబురు పంపినా రాలేదు. బాపును థియేటర్‌లోకి తీసుకెళ్లాక, వార్డు తలుపు దగ్గర నా ముఖం చూడకుండా కాక అన్న మాటను నేను ఇప్పటికీ సగమే నమ్ముతున్నాను.

"రేపు నేనే చెప్దామనుకున్న బిడ్డా."