నీలవేణి వదిన గుండ్రటి ముఖం

దెయ్యాలు, గాలులు, శకునాలు నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. కాశీబుగ్గలో తొమ్మిదేళ్లుగా బ్యూటీ పార్లరు నడుపుతున్నాను. రోజంతా ముఖాలు చూడటమే నా పని. ముఖంలో తేడా కనిపిస్తే దానికి కారణం వెలుతురో, నిద్ర లేకపోవడమో, పౌడరో అయి ఉంటుంది. అంతకు మించి వెతికే అలవాటు లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏమనుకోవాలో చదివినవాళ్ల ఇష్టం.

పార్లరుతో పాటు నాకు ఇంకో వ్యాపకం ఉంది. సెల్ఫీలు అందంగా ఎలా తీసుకోవాలో చెబుతూ వీడియోలు పెడతాను. దానికి ముందు ఎవరి ముఖం ఏ ఆకారమో తెలియాలి. జుట్టు వెనక్కి లాగి కట్టి, అద్దం ముందు నిటారుగా నిలబెట్టి, ఒక కన్ను మూయమంటాను. చేతికి పాత లిప్‌స్టిక్ ఇచ్చి, అద్దంలో కనిపిస్తున్న ముఖం చుట్టూ గీత గీయమంటాను. పక్కకి జరిగితే గాజు మీద ఆకారం మిగులుతుంది.

గుండ్రటి ముఖమైతే ఫోను కళ్ల కంటే కాస్త పైన పెట్టి, గడ్డం కొద్దిగా ముందుకు తెచ్చి, ముఖం ఒక పక్కకు తిప్పాలి. కోలముఖమైతే పైనుంచి తీయకూడదు, ఇంకా సాగిపోతుంది. కళ్లకు ఎదురుగా పెట్టి, బుగ్గలు పైకి లేచేలా నవ్వాలి. దవడలు పలకగా ఉన్నవాళ్లు కిటికీ పక్కన మెత్తటి వెలుతురులో కూర్చుంటే చాలు. ఇందులో మాయ ఏమీ లేదు.

నీలవేణి వదిన మా మేనమామ కూతురు. జలంత్రకోట వైపు ఒక ఊళ్లో ఉంటుంది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. భర్త గుజరాత్‌లో ఓడల పనిలో ఉన్నాడు. వరసకి నాకు అన్నయ్య. ఏడాదికి ఒకసారి వస్తాడు, మిగతా అంతా వీడియో కాలే. జీడితోటలు పూత మీదున్న రోజుల్లో ఒక ఉదయం వదిన పార్లరుకి వచ్చింది. అన్నయ్యకి పంపడానికి మంచి ఫొటో కావాలంది.

అప్పటికి పార్లరులో మరొకరే ఉన్నారు. నందిగాంలో పనిచేసే ఒక టీచరు గారు, జుట్టుకి రంగు వేయించుకుని ఆరడం కోసం కూర్చున్నారు.

వదినది కోలముఖం. ఈ సంగతి అద్దంలో చూసి తెలుసుకోనక్కర్లేదు, చిన్నప్పటినుంచీ ఎరుగుదును. అయినా సరదాకి గీత గీయించాను. గాజు మీద నిలువుగా, సన్నగా, గడ్డం దగ్గర కోసుగా వచ్చింది. ఇద్దరం కిటికీ పక్కన నిలబడ్డాం. వదిన ఫోనే కళ్లకు ఎదురుగా పట్టుకుని సెల్ఫీ తీశాను.

తీసేముందు తెర మీద ఇద్దరి ముఖాలూ మామూలుగానే ఉన్నాయి. నొక్కాక తెరిచి చూస్తే నా ముఖం నాదిలాగే ఉంది. వదినది గుండ్రంగా ఉంది. బుగ్గలు నిండిపోయి, కళ్ల కింద సంచుల్లా ఉబ్బి, కళ్లు చిన్నవైపోయి ఉన్నాయి. చీర అదే, చెవిపోగులు అవే. మెడకి కుడివైపు, చెవికి కాస్త కింద, తెల్లగా నలుచదరంగా ఏదో అంటించినట్టు ఉంది.

నేను ముందు వదిన మెడ చూశాను. ఏమీ లేదు. తర్వాత ఫోనులో అందం పెంచే సెట్టింగులేవైనా ఆన్ అయ్యాయేమోనని చూశాను. లేవు. కెమెరా అద్దం తుడిచాను. రెండోసారి తీశాను. అంతే. నా ఫోనుతో తీశాను. అందులోనూ అంతే, మెడ మీద తెల్లటి ముక్కతో సహా. వెనక కెమెరాతో వదిన ఒక్కదాన్నే తీశాను. అదే ముఖం.

వదిన పగలబడి నవ్వింది. "ఇదేటే పద్మా, నన్ను గుమ్మడికాయని సేసీసినావు!"

టీచరు గారు లేచి వచ్చి రెండు ఫోన్లూ చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత మెల్లగా, "మా చిన్నాన్న ముఖం చివర్లో ఇలాగే ఉబ్బిపోయింది. ఓసారి రక్తం పరీక్ష చేయించుకోకూడదా అమ్మా?" అన్నారు.

కిడ్నీ జబ్బు ఇంటింటా తెలిసిన మా ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. మా మేనమామ, అంటే వదిన తండ్రి, కిడ్నీలు పాడయ్యే పోయాడు. వదిన నవ్వు ఆగిపోయింది.

నాకు టీచరు గారి మీద కోపం వచ్చింది. "ఫోన్లలో ఏదో తేడా ఉందండీ. మా వదినని భయపెట్టకండి," అన్నాను. ఆ ఫొటోలన్నీ రెండు ఫోన్లలోంచీ తీసేశాను. ఆ తర్వాత నేను చేసిన పని ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. గుండ్రటి ముఖాల వాళ్లకి చెప్పే చిట్కా వదినకి చెప్పాను. ఫోను పైకి ఎత్తించాను, గడ్డం ముందుకు పెట్టించాను, జుట్టు ఒక పాయ బుగ్గ మీదికి లాగాను. ఫొటోలో వదిన ముఖం మళ్లీ కోలగా వచ్చింది. మెడ మీద జుట్టు పడి ఆ తెల్లటిది కనిపించలేదు.

వదినకి అది నచ్చింది. ఆ రోజునుంచీ ఫొటో అయినా వీడియో కాలైనా ఫోను అలాగే పట్టుకునేది.

ఎండాకాలం గడిచింది. జీడిపిక్కల పని అయిపోయింది. వానలు మొదలయ్యాక ఒకసారి వదిన సోంపేట సంతలో కలిసింది. నిజంగానే ముఖం నిండింది. ఒళ్లు చేశావు వదినా అన్నాను. నవ్వి ఊరుకుంది. తర్వాత తెలిసింది, పొద్దున్న లేచేసరికి కళ్లు ఉబ్బుతున్నాయని వాళ్ల అత్తగారు రెండుసార్లు అన్నారట. కాళ్ల వాపు కనపడకుండా వదిన చీర కిందికి కట్టుకునేదట. పరీక్ష చేయిస్తే ఏం బయటపడుతుందోనని భయం. గుజరాత్‌లో ఉన్న అన్నయ్యకి మాత్రం ఏ తేడా కనిపించలేదు. ఆయన చూసేది నేను నేర్పిన కోణంలోంచి.

ఒక మధ్యాహ్నం ఆయాసంతో పడిపోతే శ్రీకాకుళం ఆస్పత్రిలో చేర్చారు. కబురు తెలిసి మర్నాడు పలాసలో బండెక్కి వెళ్లాను. పదకొండు గంటలప్పుడు, వార్డు నిండా ఎండ. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

మంచం మీద కూర్చుని ఉన్నది నేను తీసేసిన ఫొటో. అవే నిండిన బుగ్గలు, అవే సంచులు, అవే చిన్న కళ్లు. మెడకి కుడివైపు, చెవికి కాస్త కింద, రక్తం శుద్ధి చేయడానికి వేసిన గొట్టం. దాన్ని కప్పుతూ తెల్లటి నలుచదరపు ప్లాస్టరు. చీర మాత్రం వేరేది.

నా ముఖం చూసి వదినే అంది. "సూసినావా పద్మా. ఆ రోజు ఫొటోలోది నానేనే."

నేను ఏడవలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. "టీసరమ్మ సెప్పినప్పుడే యెల్లుంటే బాగుణ్ణు," అంది. "నువ్వు ఫొటో బాగా తీసీసినావు గదా, ఇంకేటి భయం అనుకున్నాను." ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

అక్కడి డాక్టరు గారిని అడిగాను. జబ్బు లోపల ముందే మొదలై ఉంటుందని, కంటికి తెలియని వాపు కెమెరాలో తెలిసి ఉండొచ్చని ఆయన అన్నారు. వాపు సంగతి ఒప్పుకున్నాను. ప్లాస్టరు సంగతి అడిగితే ఆయన నా వైపు ఒకసారి చూసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

మేం కల్పించుకున్నామేమో అని కూడా ఆలోచించాను. నెలలు గడిచిపోయినా, తీసేసిన ఫొటోలు తిరిగి వస్తాయేమోనని ఫోను బాగుచేసే షాపులో చూపించాను. రాలేదు. చివరికి నందిగాం వెళ్లి టీచరు గారిని బడి దగ్గర కలిశాను. వదిన ఆస్పత్రిలో ఉందని చెప్పాను, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడే అడిగారు, "మెడకి ప్లాస్టరు వేశారా?" అని. ఏ పక్కన అన్నాను. తన కుడి చెవి కింద వేలు పెట్టి చూపించారు. ఆ రోజు దాని గురించి నాతో అనలేదేం అంటే, "ముఖం గురించి అంటేనే అంత కోప్పడ్డావు కదమ్మా," అన్నారు.

అన్నయ్య పని మానుకుని వచ్చేశాడు. వదినకి ఇప్పుడు పలాసలోనే వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ముఖం వాపు తగ్గింది, చిక్కిపోయింది. సెల్ఫీల వీడియోలు నేను మానేశాను. పార్లరు నడుస్తోంది. ఎవరైనా ముఖం ఉబ్బి వస్తే మేకప్ తర్వాత, ముందు పరీక్ష చేయించుకోండి అని చెబుతాను. కొందరు కోప్పడతారు.

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అన్నయ్య కొబ్బరితోటలోకి వెళ్లాడు. వాకిట్లో నేనూ వదినా కూర్చుని ఉన్నాం. వదిన నా ఫోను తీసి నా చేతికిచ్చి, "ఒక పాలి తియ్యి," అంది. నా వల్ల కాదన్నాను.

"అలగైతే ఇలగియ్యి. నానే తీసుకుంటాను."

ఫోను పైకి ఎత్తలేదు. కళ్లకు ఎదురుగా పట్టుకుంది. జుట్టు వెనక్కి తోసుకుంది. నొక్కింది. తర్వాత దాన్ని తెరిచి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. ముఖంలో భయం లేదు, సంతోషం లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది. ఆ ఫొటోని ఫోనులోంచి తీసేసి, నాకు తిరిగి ఇచ్చేసింది.

"ఏముంది వదినా?" అన్నాను.

"టీ ఎడతాను, కూకో," అని లోపలికి వెళ్లింది.

తీసేసిన ఫొటోలు ఫోనులో ముప్పై రోజులు ఉంటాయి. ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. ఇప్పటికి తెరవలేదు. ఇదంతా ఎలా జరిగిందో, ఎందుకు జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెరిస్తే తెలుస్తుందన్న నమ్మకమూ లేదు.