నా వెనక తాడు పట్టినవాళ్ళు

ముందే చెప్పేస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. అదీ ఖిదిర్‌పూర్‌లో మన తెలుగు బడిలో, తమ్ముణ్ణి చంకనేసుకుని సగం రోజులు, వేసుకోకుండా సగం రోజులు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. మన సంఘం వాళ్ళు పుస్తకం వేస్తున్నాం, నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ తాడు సంగతి రాసివ్వు పైడమ్మా అన్నారు. చెప్పమంటే తెల్లారేదాకా చెబుతాను. రాయమంటే చేతికి చెమట పడుతోంది. నా రాత చూసి నవ్వుకోండి, పరవాలేదు. సంగతి విని మాత్రం అబద్ధం అనకండి. నా బిడ్డల మీద ఒట్టు... జరిగింది.

కలకత్తాలో రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే రోజులవి. లోడ్‌షెడింగ్... మా వాడలో పాలు తాగే పిల్లకి కూడా వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే.

మా ఆయన సింహాచలం. ఓడల డాకులో సరుకు మోసే ముఠా పని. చచ్చిపోయిన మా నాన్నది కూడా అదే ముఠా. అప్పటికి డాకులో పని బాగా తగ్గిపోయింది. నెలలో సగం రోజులు గట్టు మీద కూచుని బీడీలు కాల్చడమే. మా అత్త శ్రీకాకుళం నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు... వచ్చెయ్యండి, ఇక్కడ ఏదో ఒకటి చేసుకుందురు అని. నేను ఖిదిర్‌పూర్‌లో పుట్టాను. ట్రాం గంట వినకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ ఊళ్ళో నేనేం చేస్తాను?

అప్పుడు మా ఆయనకి ఒక కొత్త పని దొరికింది. పటాలు మొయ్యడం. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో గోడలకి ఉంటాయే, చెక్కచట్రం కట్టిన పెద్ద పెద్ద బొమ్మలు, అవి.

సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. కలకత్తా నుంచి లారీలో ఒక పూట ప్రయాణం. పేరు రాయొద్దని మా ఆయన అన్నాడు. అక్కడ ఒక మ్యూజియం ఉంది. ఏటా దుర్గాపూజలకి ముందు, రెల్లు తెల్లగా పూసే రోజుల్లో, అక్కడ ప్రదర్శన పెడతారు. ఒక గదిలో గవ్వలు, ఒక గదిలో చిన్న చిన్న చెక్క పడవలు, పెద్ద హాల్లో పటాలు. ఆ ఏడు పటాల్ని వేలం కూడా వేస్తామన్నారు. పైకప్పు కారుతోందట, ఆ డబ్బుతో బాగుచేయిస్తారట.

అన్నిటికంటే పెద్ద పటం కలకత్తాలోనే, భవానీపూర్‌లో ఒక పాత ఇంట్లో ఉంది. దాన్ని తీసుకెళ్ళి తగిలించాలి. మ్యూజియం పెద్దబాబు మా ఆయనకి ఒకటే మాట చెప్పాడు. "రేపు పొద్దున్న తొమ్మిదికి కలకత్తా బాబులు వేలానికి వస్తారు. అప్పటికి పటం గోడ మీద ఉండాలి. ఉంటే ప్రతి శరత్తుకీ ఈ పని నీదే. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను."

మా ఆయన ఇంటికొచ్చి నాతో అన్నాడు, "ఒలే పైడీ, ఇది కుదిరితే ఉంటాం. నేకపోతే పూజలవ్వగానే గది ఖాళీ సేసి అమ్మకాడికి ఎల్లిపోదుం."

నలుగురు ముఠావాళ్ళకి వంట చెయ్యాలని నన్నూ లారీ ఎక్కించాడు. అబద్ధమెందుకు, నేనే ఎక్కాను. సముద్రం చూడాలని.

భవానీపూర్‌లో నలుగురూ కలిసి పటాన్ని లారీకి ఎత్తారు. బట్టలు తెచ్చుకుంటామని మా వాడకి, ఏక్‌బాల్‌పూర్ వెళ్ళారు. అంతలో ఊరేగింపు మొదలైంది. ఎర్రజెండాలు... అటు చూస్తే జనం, ఇటు చూస్తే జనం. డ్రైవరు బండి తీసేశాడు. "ఇప్పుడు కదలకపోతే రేపటికీ ఇక్కడే" అన్నాడు. ముందు వచ్చే మలుపు దగ్గర ఎక్కుతార్లే అనుకున్నాం. ఒక్కడూ ఎక్కలేదు. లారీలో మేమిద్దరం, ఆరుగురికి సరిపడా బియ్యం, ఆ పటం.

చీకటిపడే వేళకి చేరాం. డ్రైవరూ క్లీనరూ సాయం పట్టి పటాన్ని పలకల మీద జార్చారు. ఇనప గొట్టాల మీద దొర్లించి హాల్లో పెట్టి, మా పని అయిపోయిందని వెళ్ళిపోయారు. దించడం ఎప్పుడూ తేలికే. ఎత్తడమే ఉంది కథంతా.

మా ఆయన గోనె విప్పి పటం వైపు చూశాడు. నేనూ చూశాను. సముద్రం. అలల్లో ఒక పడవ. పడవ ముక్కుకి తాడు. ఆ తాడు ఇసక మీదుగా వచ్చి పటం అంచు దగ్గర ఆగిపోయింది. అంతే, మనుషులెవరూ లేరు.

"ఏటి సేద్దుం?" అని తల పట్టుక్కూచున్నాడు.

కాపలా ముసలాయన హరిదా. మంచివాడు. గిలక ఎక్కడ కట్టాలి, నిచ్చెన ఎక్కడుంది అని టార్చి పట్టుకుని మాతో తిరిగాడు. ఎత్తడానికి మాత్రం రానన్నాడు. "నాకు గిలక ఉందమ్మా బౌదీ, కడుపులో" అని పొట్ట చూపించాడు. హెర్నియా అట. బౌదీ అంటే బెంగాలీలో వదిన. మరి జాలర్లు? రాత్రి పోటుకి అందరూ సముద్రం మీదికి పోయారు. ఎండెక్కాకగానీ రారు.

పై దూలానికి కప్పీ, అదే గిలక, కట్టాడు మా ఆయన. తాడు వేశాడు. ఒకళ్ళు నిచ్చెన మీద నిలబడి పటాన్ని కొక్కేలకి సర్దాలి. మిగిలినవాళ్ళు కింద లాగాలి. మిగిలినవాళ్ళంటే... నేను.

"నాను లాగుతాను" అన్నాను.

"నువ్వా? బిందె ఎత్తితే నడుం పట్టేసిందని నాలుగు రోజులు తొంగున్నావు."

"అది నీ సేత వంట సేయించడానికి."

"ఓసి నీ..." అని నవ్వేశాడు. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాన్న ముఠాలో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, తాడు పట్టినవాళ్ళు వెనక్కి చూడకూడదు. మెడ తిరిగితే భుజం వదులవుతుంది. భుజం వదిలితే ముందున్నవాడి ప్రాణం పోతుంది. నేను చిన్నప్పుడు అన్నం మూట పట్టుకుని వెళ్ళి చూసేదాన్ని. వెనక పిడుగు పడినా ఒక్కడూ తల తిప్పేవాడు కాదు. రెండోది, తాడు మీద చెయ్యేసినవాడికి టీ ఇవ్వకుండా పంపకూడదు. దారినపోయేవాడు చెయ్యేసినా సరే.

సరే. మా ఆయన నిచ్చెనెక్కాడు. నేను కొంగు బిగించి తాడు పట్టాను. హరిదా గేటు దగ్గరికి వెళ్ళాడు.

ఠప్‌మని కరెంటు పోయింది.

లాంతరు ఒకటే. అది మా ఆయన దగ్గర, నిచ్చెన మెట్టు మీద. నా ముందు కాస్త వెలుగు. నా వెనక... హాలంతా చీకటి. ఆ చివర సముద్రం వైపు తలుపు, గాలికని తెరిచే ఉంచాం. అలల చప్పుడు. ఘో...ష్. ఆగి... ఘో...ష్.

"హైలెస్సా!" అన్నాడు మా ఆయన.

"ఐలెస్సా!" అన్నాను. లాగాను. పటం జానెడు లేచింది.

"హైలెస్సా!"

"ఐలెస్సా!" ఇంకో జానెడు. ఆగిపోయింది. నా కాళ్ళు గచ్చు మీద జారుతున్నాయి. అరచేతులు మండుతున్నాయి. తాడు నా చేతుల్లోంచి జారి ముందుకి, పటం వైపు... పోతోంది.

"ఒదిలీకు పైడీ! నామీద పడతాది!"

కింద నుంచి చూస్తే పటం మా ఆయన మీద వాలి ఉంది. గది, ట్రాం గంట అన్నీ మర్చిపోయాను. మనిషి దక్కితే చాలు అనుకున్నాను.

"హైలెస్సా!" అని అరిచాడు.

"ఐలెస్సా..." అన్నాను. నా గొంతు సగమే వచ్చింది.

మిగతా సగం... నా వెనక నుంచి వచ్చింది.

బొంగురుగా. మెల్లగా. "ఐ...లెస్సా."

తాడు తేలికైపోయింది. నీళ్ళ బకెట్టు బావిలోంచి వచ్చినట్టు, పటం అలా అలా లేచింది.

హరిదా వచ్చాడనుకున్నాను. పాపం, కడుపులో నొప్పున్నా వచ్చాడే అనుకున్నాను. "హైలెస్సా" అన్నాడు మా ఆయన. "ఐలెస్సా" అన్నాం. అన్నాం అనే రాస్తున్నాను, చూడండి. అప్పుడు నాకు తోచింది... హరిదా బెంగాలీ మనిషి. ఆయన "హెఁయ్యో" అనాలి కదా. ఐలెస్సా ఆయనకెలా వచ్చు?

తల తిప్పలేదు. కళ్ళు మాత్రం కిందికి దించాను. నా నడుం పక్కనుంచి తాడు వెనక్కి పోతోంది కదా. ఒక్కదాన్నే లాగుతుంటే తాడు చివర నేల మీద పడుండాలి, పాములాగ. పడి లేదు. నా నడుం ఎత్తున... బిగుసుకుని... తిన్నగా వెనక చీకట్లోకి పోయింది.

ఎవరో పట్టుకున్నట్టు.

చేపల వాసన. తడి వాసన. టప్... టప్... అని నీళ్ళు కారుతున్న చప్పుడు. వాన లేదు. ఆకాశం నిండా చుక్కలున్నాయి, వచ్చేటప్పుడు చూశాను.

ఏడుపొచ్చింది. అయినా తల తిప్పలేదు. తిప్పితే నిచ్చెన మీద నా మొగుడున్నాడు. "బాబూ... ఎవరైనా సరే... ఒదిలీకండి" అని లోపల్లోపల అనుకున్నాను.

వదల్లేదు.

"తగిలింది! రెండు కొక్కేలూ తగిలినాయి! మెల్లగా ఒదులు!"

వదిలాను. నా చేతులు వదిలినంతే... వెనక చేతులూ వదులుతున్నాయి. గుప్పెడు గుప్పెడుగా. తెలిసినవాళ్ళు వదిలినట్టు. చివరికి తాడు ధబ్‌మని నేల మీద పడింది.

అప్పుడు తిరిగాను.

ఎవరూ లేరు. తెరిచిన తలుపు. అవతల సముద్రం.

మా ఆయన పైనుంచి, "హరిదా, నువ్వు దేవుడువి! నడుం జాగర్త!" అంటున్నాడు. సరిగ్గా అప్పుడే ముందు తలుపులోంచి టార్చి వెలుగు పడింది. హరిదా. ఒక చేతిలో టీ కెటిలు, ఒక చేతిలో మట్టి కప్పులు. "ఆలస్యమైంది బౌదీ, టీ కొట్టువాణ్ణి నిద్ర లేపాల్సొచ్చింది" అన్నాడు.

మా ఆయన నిచ్చెన చివరి మూడు మెట్లూ దిగలేదు. పడ్డాడు.

ముగ్గురం లాంతరు పట్టుకుని తాడు చూశాం. ఖిదిర్‌పూర్ నుంచి పొడిగా తెచ్చిన తాడు. చివర రెండు బారలు తడి. మా ఆయన ఆ తడికి వేలు అద్ది నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగున్నాది."

"సముద్రం గాలికి ఇక్కడ అన్నీ ఉప్పే" అన్నాడు హరిదా. అని, కుర్చీ తెచ్చుకుని మా ఇద్దరి మధ్యన కూచున్నాడు.

కాసేపయ్యాక మా ఆయన లేచాడు. ఒక కప్పులో టీ పోశాడు. "ఎవులైతే మనకేటి? సెయ్యేసినోడికి టీ ఇయ్యకపోతే ముఠాకి మర్యాద కాదు" అని, సగం ఒలకబోస్తూ తీసుకెళ్ళి, సముద్రం వైపు మెట్టు మీద పెట్టి, ఒక్క పరుగున వచ్చాడు. తర్వాత ఆరుగురికని తెచ్చిన బియ్యం మొత్తం వండాను. ముగ్గురం తినేశాం. భయం వేస్తే ఆకలి చచ్చిపోతుందంటారు. అబద్ధం.

పొద్దున్న తొమ్మిదికి బాబులొచ్చారు. మా నలుగురు ముఠావాళ్ళూ మొదటి బస్సుకి వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు. వేలం మొదలైంది. చెక్క సుత్తితో టక్కుమని కొట్టడం... అబ్బ, ఎంత బాగుందో. పెద్ద పటం వంతు వచ్చింది. సిల్కు పంచె కట్టిన ఒక బాబు కళ్ళద్దాలు సవరించుకుని అడిగాడు, "తాడుంది సరే, లాగేవాళ్ళేరీ?"

"చిత్రకారుడు వెయ్యలేదండీ" అన్నాడు పెద్దబాబు.

అందరూ నవ్వారు. మా ఆయన నా చెయ్యి గిల్లాడు. మచ్చ పడింది.

ఆ బాబే కొనుక్కున్నాడు. సాయంత్రం పటం దించడానికి మా నలుగురూ, ఇద్దరు జాలర్లూ, మొత్తం ఆరుగురు. దించడానికే ఆరుగురికీ చొక్కాలు తడిసిపోయాయి. "రాత్రి మీరిద్దరూ ఎలా ఎత్తినారు?" అని అడిగారు.

"పైడి ఎత్తింది" అన్నాడు మా ఆయన. ఏక్‌బాల్‌పూర్‌లో అప్పట్నుంచి నా పేరు కప్పీ పైడమ్మ.

పని మాకే ఇచ్చారు. గది ఖాళీ చెయ్యలేదు. అత్తే మా దగ్గరికి వచ్చి పూజలు చూసి వెళ్ళింది.

ఇంకొక్కటి చెప్పలేదు. ఆ పొద్దున్న, బాబులు రాకముందే, నేను మెట్టు దగ్గరికి వెళ్ళాను. బెంగాలీవాళ్ళు టీ తాగి మట్టి కప్పు విసిరి పగలగొడతారు. మా నాన్న ముఠావాళ్ళు అలా చెయ్యరు. చాలు, ఇంక పొయ్యొద్దు అని కప్పు బోర్లిస్తారు.

కప్పు బోర్లించి ఉంది. పక్కన చుక్క టీ లేదు.

గాలి అన్నాడు హరిదా. కుక్క అన్నాడు మా ఆయన. పోటుకి పోకుండా ఆగిపోయిన మన శ్రీకాకుళం జాలరి ఎవరైనా వచ్చి సాయం పట్టి పోయాడేమో అని నేనే అనుకుంటాను ఒక్కోసారి. అలాగైతే టీ తాగి ఒక మాటైనా చెప్పి పోడూ? తర్వాత ఎన్నో శరత్తులు అక్కడికి వెళ్ళాం. ప్రతిసారీ మెట్టు మీద ఒక టీ పెట్టాను. చీమలు పట్టేవి. ఒక్కసారి కూడా బోర్లించలేదు. అవును మరి, ఆ సార్లు మాకు మనుషులు సరిపోయారు.

ఎవరో నాకు తెలీదు. వెనక్కి చూసుంటే తెలిసేది. చూసుంటే, మా ఆయన ఇప్పుడు పక్కన కూచుని, "అక్కడ ఒత్తు పెట్టలేదే" అని నన్ను విసిగించేవాడు కాదు.

ఆయన చెప్పిన ఒత్తులు పెట్టాను. ఆయన చదివింది మూడో తరగతి. తప్పులన్నీ మా ఇద్దరివీ అనుకుని పెద్ద మనసుతో క్షమించండి.